నీ స్టీలు క్యారేజీ

అక్కా,

మదనపల్లె నుంచి సైకిలు మీద పుంగనూరు దాటి, పాలారు లోయ గుండా కుప్పం చేరాను. వానలకు ఏరు నిండుగా పారుతోంది. నేను క్షేమమే. నీ స్టీలు క్యారేజీ మాత్రం నాతో లేదు.

దాన్ని హ్యాండిలుకు తగిలించి, వెనక సంచులు కట్టుకుని, ఏటిగట్టు మీది పల్లెలో నీళ్లడిగాను. ఒక అవ్వ నన్ను చూడగానే, "ఎంటికలకి గిన్నెలిచ్చేటోడు వచ్చుండాడు, రాండి!" అని కేకేసింది. ఆడవాళ్లంతా రాలిన జుట్టు ఉండలతో వచ్చేశారు. ఊళ్లు చూడ్డానికి వచ్చానంటే నమ్మరే!

"పనీపాటా లేకుండా ఇంత దూరం సైకిలు తొక్కుతారా యాడన్నా?" అంటూ అవ్వ క్యారేజీ తీసుకుని, గోడ సందులో దాచిన జుట్టంతా నా సంచిలో కుక్కింది. పైగా సంగటి పెట్టింది. ఇక ఎలా అడగను?

క్యారేజీ ఏదని బావ అరిస్తే, ఆయన బట్టతలకు కొలత తీసి ఉంచు. జుట్టు తెస్తున్నాను.

నీ తమ్ముడు