ముందుగది ఎవరికి చెందాలంటే

టైపు టీచరుగా ఈ వీధంతా ఎరిగిన నేను, నా బుద్ధి నా స్వాధీనంలో ఉండగా, కళ్లద్దాలు తుడిచి పెట్టుకుని, ఎవరి బలవంతమూ బుజ్జగింపూ లేకుండా, నా చేతులతో నేనే టైపు చేసి నా వారసులకు ఇస్తున్న వీలునామా ఇది. ఇదే మొదటిది, ఇదే ఆఖరుది. మతి స్థిమితంగానే ఉందని డాక్టరు రాసిచ్చిన కాగితం జతపరిచాను. ఇంకా అనుమానం ఉన్నవాళ్లు నేను బతికుండగానే వచ్చి వాదించి తేల్చుకోవచ్చు. ఇంతవరకూ ఎవరూ రాలేదు.

లాయరు గారి ఆఫీసులో ఎందరివో వీలునామాలు కొట్టిన చేతులివి. అసలు సంగతి చివరి పేజీలో దాచి, వారసుల గుండెలు దడదడలాడించడం ఆ పెద్దమనుషులకు సరదా. నాకా సరదా లేదు. ఈ కాగితం మా ఇంటి ముందుగది కోసం. దాని గోడ పడగొట్టి, షట్టరు పెట్టించి, దుకాణానికి అద్దెకివ్వాలని మా అబ్బాయి కోరిక. ఆదివారాలు అక్కడికి వచ్చే ఆడవాళ్లకు ఆ గది మిగలాలని నా కోరిక. ఎవరి కోరిక చెల్లుతుందో ఇక్కడ తేలాలి.

1. ఇల్లు నా స్వార్జితం. నా జీతంతోనూ, మొదట కట్టిన ముందుగదిలో సాయంత్రాలు చెప్పిన టైపు పాఠాలతోనూ కట్టుకున్నది. ముందుగది మినహా మిగతా ఇల్లు యావత్తూ నా తదనంతరం మా అబ్బాయికి సర్వహక్కులతో చెందుతుంది. వంటింటి కుళాయి కారడం కూడా ఆ హక్కుల్లో భాగమే.

2. మా ఆడపడుచుకు గోడగడియారం. మా ఆదివారాలకు "ఏడుపుల క్లబ్బు" అని పేరు పెట్టిన మనిషి ఈమె. వచ్చినప్పుడల్లా దాని వంకే చూస్తూ, "ఇంకా లేవరేంటే వీళ్లు?" అని సణిగేది. ఇక ఇంట్లో కూర్చుని తీరిగ్గా చూసుకోవచ్చు.

3. మా మనవరాలికి, ఇది కొడుతున్న ఈ టైపు మిషను. "నానమ్మా, దీనికి డిలీట్ ఎక్కడుంది?" అని అడిగిన పిల్ల. లేదే తల్లీ. అందుకే ఆలోచించి కొట్టేవాళ్లం. నా ముత్యాల దుద్దులు కూడా దానికే. చెవులు మా అమ్మవే వచ్చాయి.

4. ముందుగదిలో ఏం జరుగుతుందో ఎన్నడూ తొంగి చూడని వారసుల కోసం ఈ నాలుగు మాటలు. టైపు నేర్చుకునే రోజులు పోయాక, ఈ ఒక్కటీ ఉంచుకుని మిగతా మిషన్లు అమ్మేశాను. నేర్చుకున్నవాళ్లు మాత్రం ఆదివారం మధ్యాహ్నం రావడం మానలేదు. ఇంకొందరిని వెంటబెట్టుకొచ్చారు. ఒకరు ఎత్తు స్టూలు మీద కూర్చుని, జీవితంలో తాము ధైర్యం చేసిన ఒక సంగతి చెబుతారు. మిగతావాళ్లు వింటారు. సలహాలివ్వరు, "పాపం" అనరు.

నియమం ఒకటే: ముందు భయం చెప్పాలి. ఇది తప్పు చేసి నేర్చుకున్న నియమం. ఒకసారి మోజుపడి, మంచుకొండలెక్కి పతకాలు తెచ్చుకున్న ఒకావిణ్ణి పిలిచాం. స్టూలెక్కి, "భయమంటే ఏంటో నాకు చిన్నప్పట్నించీ తెలీదండీ" అంది. చప్పట్లతో గది మోగిపోయింది. తర్వాతి ఆదివారం సగం స్టూళ్లు ఖాళీ. రానివాళ్లలో ఒకరైన దర్జీ అమ్మాయిని వీధిలో ఆపి కారణం అడిగాను. "ఆవిడకి భయం లేదు కాబట్టి ఎక్కేసిందండీ. మాకు బోలెడుంది, మేమెక్కడెక్కుతాం?" అనేసి తన దారిన పోయింది. ధైర్యం పంచుదామని పిలిచి, వాళ్ల దగ్గరున్న కాస్తా ఊడ్చి పంపామన్నమాట. అప్పటినుంచీ కడుపులో ఏమైంది, నాలుక ఎక్కడ అతుక్కుంది, కాళ్లు ఏం చేశాయి, ఇవన్నీ చెప్పాకే అసలు సంగతి. దర్జీ అమ్మాయి తిరిగొచ్చింది.

5. మా ఆదివారాలకు వచ్చే ఆసుపత్రి నర్సుకూ, బస్సు డ్రైవరుకూ ఏమీ ఇవ్వడం లేదు. పెద్ద డాక్టరు చేసిన పొరపాటును కొత్తగా చేరిన నర్సు మీద రాయమంటే, రాయనని మొహం మీదే చెప్పిన మనిషి మా నర్సు. చెప్పి వచ్చి బాత్రూములో వాంతి చేసుకున్నానంటూ కథ మొదలుపెట్టింది. వెనక నుంచి డ్రైవరు, "వాంతయినా అది ధైర్యం కిందికే వస్తుందా అక్కా?" అని అడిగింది. "దాంతో కలిపే చెల్లీ" అంది నర్సు. ఒకటే నవ్వులు. ఆ వారంలోనే, బ్రేకు సరిగా పడని బండిని తియ్యమన్న డిపో మేనేజరు బల్ల మీద మా డ్రైవరు తాళం పెట్టి, "మీరు నా పక్కన కూర్చుంటానంటే తీస్తాను సార్" అంది. అంటున్నంతసేపూ మోకాళ్లు ఒకదాన్నొకటి కొట్టుకున్నాయట. సారుకు ఉన్నట్టుండి వేరే పని గుర్తొచ్చింది. బండి షెడ్డుకెళ్లింది.

ఇద్దరూ నాకు కన్నకూతుళ్లతో సమానమని రాయను, ఇది కన్నకొడుకు చదువుతాడు. వాళ్లు ఈ కాగితానికి సాక్షులు. సాక్షులకు ఆస్తి రాస్తే చిక్కులొస్తాయని మా లాయరు గారు గట్టిగా చెప్పేవారు. కనుక వాళ్లకు దక్కేది నా మెచ్చుకోలు మాత్రమే. దాని మీద పన్ను కూడా లేదు.

6. ఇక మా కోడలు. ఈ ఇంటికి వచ్చింది మొదలు ప్రతి ఆదివారం టీ తెచ్చి, గడప దగ్గరే నిలబడి వినేది. రా, కూర్చో అంటే, "నాకేం కథలున్నాయత్తయ్యా, టీ పెట్టడమేగా" అని వెళ్లిపోయేది.

నేను తుంటి విరిగి ఆసుపత్రిలో ఉన్నప్పుడు అబ్బాయి మేస్త్రీని పిలిచాడు. అమ్మ వచ్చేసరికి దుమ్ము కూడా సర్దుకుంటుందని అతని ఆలోచన. నేను ఇల్లు చేరాక వచ్చిన మొదటి ఆదివారం, కోడలు టీ పంచి, ట్రే కిందపెట్టి, ఎవరూ పిలవకుండానే వచ్చి స్టూలెక్కింది.

ముందు భయం చెప్పింది. మొగుడు కోప్పడతాడని కాదట. "నీకేం సంబంధం, నువ్వెప్పుడైనా ఆ గదిలో కూర్చున్నావా అని అడుగుతారేమోనని భయం. అడిగితే నా దగ్గర జవాబు లేదు" అంది. చెవుల్లో హోరట, అరచేతులు చల్లబడ్డాయట. అలాగే వెళ్లి మేస్త్రీకీ గోడకీ మధ్య నిలబడింది. అబ్బాయి సరిగ్గా ఆ మాటే అడిగాడు.

"కూర్చోలేదండీ. కూర్చోవాలనుంది" అంది కోడలు.

మేస్త్రీ సుత్తి దించి, "మీరూ మీరూ తేల్చుకోండి సార్" అని సంచి సర్దుకున్నాడు.

ఆమె చెప్పడం అయ్యాక గదిలో చప్పట్లు లేవు. నర్సు లేచి, ఖాళీ గ్లాసులన్నీ ఏరుకుని కడగడానికి వెళ్లింది. ఇంతకన్నా పెద్ద సన్మానం నేను ఎక్కడా చూడలేదు.

7. అందువల్ల ముందుగదిని, వీధివైపు తలుపుతోనూ, కిటికీలతోనూ, స్టూళ్లతోనూ సహా, నా తదనంతరం మా కోడలు దానవిక్రయాది సర్వహక్కులతో అనుభవించవలసింది. ఇందులో నా కొడుకుకు గానీ, అతని తరఫు వారికి గానీ ఏ విధమైన హక్కూ లేదు. చిత్తుప్రతిలో "ఆదివారాలు ఆపకుండా జరపవలెను" అని ఒక షరతు పెట్టాను. తర్వాత సిగ్గేసి కొట్టేశాను. సుత్తికి ఎదురు నిలబడిన మనిషికి నేను షరతులు పెట్టడమేమిటి? జరుపుకోనీ, మూసుకోనీ, ఆఖరికి షట్టరే పెట్టించుకోనీ. ఆమె పెట్టిస్తే అది ఆమె షట్టరు.

8. దీన్ని అమలుపరిచే బాధ్యత మా లాయరు గారి అమ్మాయిది. ఇప్పుడు ఆవిడే లాయరు. తండ్రికన్నా చక్కగా చదువుతుంది, తక్కువ దగ్గుతుంది.

9. అబ్బాయి చెడ్డవాడని ఈ కాగితంలో ఎక్కడా రాయలేదు, వెతకనవసరం లేదు. ఆసుపత్రిలో రోజూ నా జడ అల్లింది అతనే. వంకరగా అల్లాడు, అయినా నేను విప్పనివ్వలేదు. నేను పోయాక తెలిసి లోలోపల కుమలడం కన్నా, ఇప్పుడే తెలిసి నాతో పోట్లాడితే నయమని, ఇందాక అతన్ని కూర్చోబెట్టి పై ఎనిమిదీ చదివి వినిపించాను. పోట్లాడలేదు. "ఆ గది కిటికీ రెక్క ఊడేలా ఉందమ్మా. బాగు చేయించనా?" అన్నాడు.

నన్నెందుకు అడుగుతావురా, ఆ గది మనిషి వంటింట్లో ఉంది, వెళ్లి అడుగు అన్నాను.

వెళ్లి చాలాసేపయింది. ఇక్కడికి కోడలి గొంతు ఒక్కటే వినిపిస్తోంది. సాక్షులు వచ్చి కూర్చున్నారు కనుక, వాళ్ల కళ్లెదుటే సంతకం చేస్తున్నాను.

మార్చి నెల పదకొండో తేదీ, ఆదివారం మధ్యాహ్నం.

(సంతకం)
టైపు టీచరు

సాక్షులు:
ఆసుపత్రి నర్సు (సంతకం)
బస్సు డ్రైవరు (సంతకం)