గండి చప్పుడు

శనివారం రాత్రి. మారేడుమిల్లి, ఏటి ఒడ్డున టెంటులో.

పక్క టెంట్ల వాళ్ళందరూ హాయిగా నిద్రపోతున్నారు. ఏటి చప్పుడు వింటూ పడుకుంటే జోకొట్టినట్టుంటుందని సాయంత్రం ఇక్కడి మేనేజరు చెప్పాడు. జోకొట్టడమట! మా కొల్లేరు వైపు రాత్రిపూట నీళ్ళు పారుతున్న చప్పుడు వినపడితే చేపల చెరువుకు గండి పడిందని అర్థం.

ఇందాక కునుకు పట్టీ పట్టకముందే ఉలిక్కిపడి లేచాను. టార్చి పట్టుకుని బయటికి వెళ్ళి, పార కోసం చుట్టూ వెతికాను. ఈ కొండల్లో నాకు పార ఎవరు పెట్టి ఉంచుతారు?

రెండేళ్ళ క్రితం ముసురులో ఒక రాత్రి ఇలాంటి చప్పుడే విని మా ఆవిడ సుజాత నన్ను తట్టి లేపింది. “మోటారేలే, పడుకో” అని అటు తిరిగి పడుకున్నాను. తెల్లారేసరికి గట్టు తెగి, ఏడాదంతా పెంచిన చేపలు కాలవలోకి వెళ్ళిపోయాయి. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇప్పుడు చెరువు దగ్గర మా బావమరిది ఉన్నాడు. వాడిది మొద్దునిద్ర. ఫోన్ చేద్దామంటే ఇక్కడ సిగ్నల్ లేదు. పెళ్ళయ్యాక సుజాత నోరు తెరిచి అడిగిన మొదటి ప్రయాణం ఇది. పొద్దున్నే వెళ్ళిపోదామని ఎలా చెప్పను?

ఇంతవరకు రాశానో లేదో, దుప్పట్లోంచి ఆవిడ గొంతు వినపడింది.

“ఏవండీ, ఇంకా పడుకోలేదా?”

“చప్పుడు... నిద్ర పట్టట్లేదు.”

“మోటారేలెండి, పడుకోండి” అని అటు తిరిగి పడుకుంది.

నవ్విందో లేదో తెలియలేదు.