ఎర్ర బిందె ఫొటో

19 ఏప్రిల్ 2009, ఆదివారం

ఒళ్లు మండిపోతోంది. రేపు పొద్దున పక్కింటి యాదమ్మక్క ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడను?

ఉప్పల్‌లో రోడ్డు పక్క గోడకు నీళ్ల కష్టాల ఫొటోలు తగిలించారు, మా నాచారం గల్లీ కూడా ఉందంటే చూడ్డానికి పోయాను. అన్నిటికన్నా పెద్ద ఫొటోలో నా ఎర్ర బిందె! నీలం బిందెల వరసకు చిట్టచివర, ఒంటరిగా.

పోయిన వారం ట్యాంకర్ కోసం దాన్ని వరసలో మూడోదిగా పెట్టి కంపెనీకి పోయాను. మా గల్లీలో బిందె ఉంటే మనిషి ఉన్నట్టే, ఇంకొకరు ముట్టరు. తిరిగొచ్చేసరికి అది చివర్లో ఉంది. నా వంతు రాకముందే నీళ్లయిపోయాయి. నా వెనక బిందె యాదమ్మక్కది కాబట్టి ఆమే జరిపిందని నోటికొచ్చినట్టు తిట్టాను. "నా పిల్లల మీద ఒట్టు, నేను ముట్టలే" అని ఏడ్చింది. అప్పటినుంచి మా మధ్య మాటల్లేవు.

ఫొటో పక్కనే నిలబడ్డ కెమెరా అతన్ని అడిగాను. "ఈ ఎర్ర బిందె ఎవరు జరిపిన్రు?"

"నేనేనండీ. ఎరుపు చివర్లో ఉంటేనే ఫొటోకు అందం. ఇది చూసి జనం మారాలి."

"నీ అందం పాడుగాను! నాకు నీళ్లు దొరకలే. యాదమ్మక్కతోని మస్తు లొల్లి అయింది."

సిగ్గుపడతాడనుకున్నాను. వాడి కళ్లు మెరిశాయి.

"అయ్యో, ఆ గొడవ నా కెమెరాకు దొరకలేదే! మళ్లీ ట్యాంకర్ ఎప్పుడొస్తుందండీ?"