పుట్టిన తేదీ

బాలానగర్,
7-12-1978.

ప్రభువునందు ప్రియ కుమారుడు చిరంజీవి కృపానందానికి అమ్మ దీవించి రాయునది.

ఇక్కడ నేనూ మీ నాన్నగారూ దేవుని దయవల్ల బాగానే ఉన్నాం. బెంగుళూరు చలికి నీ దగ్గు తిరగబెట్టలేదని, బైబిలు పాఠశాలలో వేళకు అన్నం పెడుతున్నారని తలుస్తాను. నీ ఉత్తరం సోమవారం అందింది. ఆరు పేజీలు. అందులో మేమెలా ఉన్నామని అడిగింది ఒక్క వాక్యం, మిగతాదంతా రోమా దేశం. నువ్వు అడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను.

మొదటిది, కార్ఖానాలో ఆయుధపూజకు మీ నాన్నగారు నిలబడ్డారా అని. నిలబడ్డారు. షెడ్డులో ముప్ఫైమంది నిలబడ్డారు. బాలనర్సయ్య లేతు మిషనుకు బొట్లు పెట్టి గుమ్మడికాయ కొడితే, మీ నాన్నగారు చెప్పులు విడిచి పక్కన నిలుచుని, బూందీ పొట్లం పుచ్చుకుని ఇంటికొచ్చారు. ఆ బూందీ నేనే తిన్నాను, కరకరలాడుతూ బాగుంది. మర్నాడు ఆ లేతూ తిరిగింది, మీ నాన్నగారు పొద్దున్నే లేచి ప్రార్థనా చేసుకున్నారు. రెంటికీ ఏ నష్టమూ రాలేదు.

రెండోది క్రిస్మస్. డిసెంబరు ఇరవై ఐదు రోమావాళ్ల సూర్యుడి పండుగట, బైబిల్లో ఆ తేదీ ఎక్కడా లేదట, కాగితపు నక్షత్రమూ సరుగుడు కొమ్మా కేకూ అన్నీ అన్యుల ఆచారాలట. నిన్నగాక మొన్న నువ్వే తవ్వితీసినట్టు రాశావు. నా చిన్నప్పుడే తెనాలి సంఘంలో అయ్యగారు ఈ మాట చెప్పారు. చెప్పి, చీకటి పడుతోంది, వెళ్లి నక్షత్రాలు కట్టుకోండర్రా అన్నారు. ఆయనకు మీ అంత చదువు లేదు, పాపం.

రాసి ఊరుకోక మీ సీనియర్ని ఒకణ్ణి మా మీదికి తోలావు చూడు, అందుకు నీకు చేతులెత్తి దణ్ణం పెట్టాలి. ఇస్త్రీ మడత నలుగుతుందని కుర్చీ అంచున కూర్చున్నాడు మహానుభావుడు. వేటమాంసం కూర రెండుసార్లు వేయించుకున్నాడు. తరవాత అరిసెలు పెడితే మాత్రం పళ్లెం వెనక్కి జరిపి, "ఇవి సంక్రాంతి పిండివంటలు కదండీ, అన్యుల పండుగవి" అన్నాడు.

"బియ్యప్పిండీ బెల్లమూ, బాబూ. వాటికి మతం ఉందని నాకు తెలియదు" అన్నాను.

నవ్వితే ఏం పోతుందో గానీ నవ్వలేదు. ఆదివారం మన సంఘంలో ఈ సంగతే బోధిస్తానన్నాడు. ఆదివారమంటే సూర్యుడి వారమే కదా నాయనా, పోనీ సోమవారం పెట్టుకుందామా అంటే అది చంద్రుడిది, శనివారం సంగతి చెప్పనే అక్కర్లేదు, ఏ రోజు చెబుతావో నువ్వే ఆలోచించుకో అన్నాను. మీ నాన్నగారు మజ్జిగ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పోతూ పోతూ ఆ పెద్దమనిషి, వరండాలో మీ నాన్నగారు కట్టిన నక్షత్రం తన చేత్తో విప్పి, మడిచి, నా చేతికిచ్చి వెళ్లాడు. ఇంటివాళ్లు చూస్తుండగా ఇంటి చూరు మీద చెయ్యి వేసే మర్యాద మీ పాఠశాలలో ఏ సంవత్సరం నేర్పుతారో కనుక్కుని రాయి.

మూడోది సక్కుబాయి సంగతి. ఆమె తెచ్చే బతుకమ్మ సద్దులు తింటున్నారా, విగ్రహాలకు పెట్టినవి ముట్టవద్దు అని ఆజ్ఞాపించావు. సద్దులు బతుకమ్మనాడే తినేశాం, ఇప్పుడు చేసేదేమీ లేదు. నిన్న మాదాపూర్ నుంచి నెయ్యి పట్టుకొచ్చింది. రాగానే చూరు వంక చూసింది.

"ఏంది నర్సమ్మా, గీ యేడు చుక్క కట్టలే?"

"అబ్బాయి వద్దన్నాడు. అది సూర్యుడి పండుగట."

"అయితే ఏమాయె? సూర్యున్ని మీ దేవుడే చేసిండని నువ్వే చెప్తివి గద." నెయ్యి గిన్నె కింద పెట్టి కూర్చుంది. "గదంత నాకెందుకు గని, పిలగాడు పండుగకు వస్తడా, రాడా? జర గది చెప్పు."

ఈ ఇంట్లో క్రిస్మస్ జరిగితే ఇక గడప తొక్కనని రాశావు కదా. ఆ మాట ఆమెతో అనడానికి నాకు నోరు రాలేదు. చూద్దాం అన్నాను. ఆమె నన్నే చూస్తూ, "ఇగనన్న చెప్పరాదు వానికి. ఎన్నొద్దులు దాస్తవు?" అంది.

అందుకని ఈ రోజు డ్యూటీ నుంచి రాగానే రాయడానికి కూర్చున్నాను. దేనికైనా మూలం ఎక్కడుందో వెతకాలని మీ ప్రిన్సిపాలుగారు చెప్పారని రాశావు. సరే, వెతుకుదాం.

1957 వేసవిలో నేను మాదాపూర్, నానక్‌రామ్‌గూడ ఊళ్లు తిరిగి సూదులు వేసే నర్సును. ఆంధ్రా నుంచి వచ్చి అప్పటికి ఆరు నెలలు. మాదాపూర్ గుట్టల్లో రాళ్లు కొట్టేవాళ్ల గుడిసెల్లో కలరా తగిలింది. నేను వెళ్లేసరికి బతికినవాళ్లు మూటలు కట్టుకుంటున్నారు. ఒక గుడిసెలో తల్లి ఆ పొద్దునే పోయింది, తండ్రి అంతకు రెండు రోజుల ముందు. చీరతో కట్టిన ఉయ్యాలలో రెండు నెలల బిడ్డ ఉన్నాడు. ఆ బిడ్డవు నువ్వే, కృపా. నిన్ను నేను కనలేదు.

నిన్ను ఎత్తుకుని, అప్పుడు మాదాపూర్‌లోనే ఉన్న మా ఇంటికి తెచ్చుకున్నాను. పక్కింటి సక్కుబాయికి అప్పట్లో చంటిపిల్ల. ఆ పిల్లతోపాటు నీకూ ఏడాది పాలిచ్చింది. ఆషాఢంలో అమ్మవారికి బోనం ఎత్తుకుపోయి, దించి, ఆ పసుపు కాళ్లతోనే పరుగున వచ్చి నిన్ను ఒళ్లో వేసుకుంది. విగ్రహాల దగ్గరిది ముట్టవద్దంటే ఇప్పుడేం చెయ్యను? నీ ఒళ్లు పెరిగిందే దాంతో.

ఈ బిడ్డ ఎప్పుడు పుట్టాడని ఆ రోజు మూటతో వెళ్లిపోతున్న ఒక ముసలమ్మను అడిగాను. "శివరాత్రి అయినంక, ఉగాదికి ముంగట" అంది. అంతకు మించి ఆవిడకు తెలియదు. మరుసటి ఏడు మీ నాన్నగారు పాత క్యాలెండరు ముందేసుకుని ఆ రెండు పండుగలకూ నడిమధ్య లెక్కపెట్టి, మార్చి పదిహేను అన్నారు. అప్పటినుంచి ఇరవై ఒక్కసార్లు ఆ రోజు పాయసం వండి, మోకాళ్ల మీద ప్రార్థన చేశాం. ఏ బైబిల్లోనూ లేని తేదీ అది. నువ్వు ఏ రోజు పుట్టావో మాకు తెలియదు. పుట్టావన్నదొకటే తెలుసు, దానికే ఆ పాయసం. మా పండుగ తప్పయితే తప్పని రాయి, చదువుకున్నవాడివి.

పైన అంత వెటకారం చేసింది ఈ నాలుగు ముక్కలు రాయడానికి ధైర్యం చాలకే. మీ నాన్నగారు నీ పదో ఏటనే చెబుదామన్నారు, నేనే చెప్పనివ్వలేదు. చెబితే నువ్వు పోతావని భయం. ఇప్పుడు చెప్పకపోయినా పోతానంటున్నావు గనుక చెప్పేశాను.

ఈ ఇంటికి రావలసిన రక్తసంబంధం నీకేమీ లేదని ఇప్పుడు తెలిసింది కదా. రాకపోయినా ఏమీ అనుకోనని రాయబోయాను గానీ అది అబద్ధం. అనుకుంటాను, ఏడుస్తాను కూడా. ఇరవై మూడున మీ నాన్నగారు స్టేషనుకు వస్తారు. నువ్వు దిగినా దిగకపోయినా బండి ఖాళీ అయ్యేదాకా నిలబడతానంటున్నారు.

ఉత్తరమంతా ఆయనకు చదివి వినిపించాను. ఆయన ఏమీ మార్చమనలేదు. చివర ఏమని సంతకం పెడతావని మాత్రం అడిగారు. ఎప్పుడూ పెట్టేదే అన్నాను.

ఇట్లు,
నీ అమ్మ.