కంప్యూటర్ షెడ్డులో లేని మూడో మనిషి

చిన్న పరిశ్రమల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా తలుపు బందుల షెడ్డును కంప్యూటర్‌లో నడిపి చూసినప్పుడు నన్ను వదిలేసినందున, మళ్ళీ నడిపించి నా బల్ల నా చోట వేయించుట గురించి.

1. మా ఆయన రేకు కోసి ప్రెస్సులో వంచుతారు. నేను ఆకురాయితో అంచులు అరగదీసి, సీల దూర్చి, బందు సాఫీగా తిరుగుతోందో లేదో చూస్తాను. మా మరిది డబ్బాల్లో సర్దుతాడు. అరగదీయని బందు పట్టుకుంటే చెయ్యి కోస్తుంది.

2. తమ ఆఫీసు ఇచ్చే కొత్త ప్రెస్సు ఎక్కడ బిగించాలో కంప్యూటర్‌లో నడిపి చూడటానికి తమ ఇంజనీరు గారు కొలతలకు వచ్చిన రోజు, కొత్తవాళ్ళ ముందు నిలబడే అలవాటు లేక నేను వెనక గదిలోకి వెళ్ళాను.

"పనిచేసేది ఎంతమంది?" అని వారు అడిగారు.

"ఇద్దరమేనండి, నేనూ మా తమ్ముడూ" అన్నారు మా ఆయన.

"మరి ఈ బల్ల?"

"అది మా ఆవిడదిలెండి. ఖాళీగా ఉన్నప్పుడు ఏదో చేతిసాయం."

ఆ ఖాళీ పొద్దున మొదలైతే దీపాలు పెట్టేదాకా తీరదు.

3. తరువాత తెర మీద మా షెడ్డును చూపించారు. ఇద్దరే బొమ్మ మనుషులు. బందులు ప్రెస్సులోంచి వాటంతటవే డబ్బాలోకి నడిచి వెళ్ళాయి. అందరూ భేష్ అన్నారు. ఆ ప్రకారం కిటికీ దగ్గర నా బల్ల లాగేసి కొత్త ప్రెస్సు బిగించారు. నా బల్ల నీళ్ళ డ్రమ్ము పక్కన చీకట్లో పడింది. ఇప్పుడు రెండు ప్రెస్సులు వంచి పోస్తున్నాయి, అరగదీసేవి ఈ రెండు చేతులే. కుప్ప మోకాళ్ళు దాటింది. కనబడక వేళ్ళు తెగుతున్నాయి.

4. తెర మీద వచ్చినంత సరుకు రావడం లేదనీ, ఇది పనివారి బద్ధకమనీ, నెలాఖరుకు రాకుంటే కొత్త ప్రెస్సు వెనక్కి తీసుకుంటామనీ తమరు నోటీసు పంపారు. తమ లెక్కలో నేనే లేనప్పుడు నా బద్ధకం ఎక్కడి నుంచి వచ్చిందండీ? వెనక గది వైపు తిరిగి ఒక్క మాట అడిగి ఉంటే ఎవరి నోటి ముత్యాలు రాలేవి? కంప్యూటర్‌ను నేనేమీ అనను. దానికి చెప్పిందే అది ఆడింది.

కావున మూడో బొమ్మను చేర్చి షెడ్డును మళ్ళీ నడిపించి, కిటికీ వెలుగులో నా బల్ల వేయించి, అంతవరకు నోటీసు ఆపవలెను. ఆ బొమ్మకు చీర కట్టకపోయినా ఫర్వాలేదు, చేతులు పెట్టండి చాలు. ఇది కోపంతో రాసినదే అయినా నిజమని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
బందుల అంచులు అరగదీసే మనిషి

తా.క. ఇది రాస్తుండగానే మా ఆయన కేకేశారు. "ఏమేవ్! ఇక్కడంతా పేరుకుపోయింది, ఎక్కడున్నావ్?"

"ఇద్దరు పనివాళ్ళున్నారు కదండీ, చూసుకోండి" అన్నాను.

ఆకురాయి నా పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఇంజనీరు గారు వచ్చి అడిగితే తీస్తాను.