మోచేయి ముంచి చూశాకే

తమ్ముడూ, నువ్వొచ్చేసరికి నేను డ్యూటీలో ఉంటాను. మధ్యాహ్నం నాన్న స్నానం చేస్తానంటారు. బకెట్లో ముందు చన్నీళ్ళు పట్టు, ఆ తర్వాతే సోలార్ కుళాయి తిప్పు. నీ మోచేయి ముంచి చూశాకే ఆయన్ని పిలువు. ఆయన మాట మాత్రం నమ్మకు.

నిన్న నేను చూసేసరికి పొగలు కక్కే బకెట్లో పాదాలు పెట్టుకుని కూర్చున్నారు. "గోరువెచ్చగా హాయిగా ఉందమ్మా" అన్నారు నవ్వుతూ. షుగర్‌తో ఆ కాళ్ళకి స్పర్శ పోయిందని అప్పుడు తెలిసింది నాకు. బొబ్బలకి మందు రాశాను. నువ్వడిగితే చెప్పులు కరిచాయంటారు.

సోలార్ హీటర్‌కి రాయితీ వస్తోందని ఎగిరి గంతేశాం. కరెంటు బిల్లు తగ్గింది, కాదనను. కానీ చన్నీళ్ళు కలిపే వాల్వుకి రాయితీ లేదని నువ్వు వద్దన్నావు, నేనూ గంగిరెద్దులా తలూపాను. పాత గీజరైతే కాగాక దానంతటదే ఆగేది. ఎండకి ఆగడం తెలీదు కదరా. సాయంత్రం ప్లంబర్ వస్తాడు, ఆ వాల్వు పెట్టించు.

ఇంకోటి. బాత్రూం లోపలి గడియ నేనే విప్పి దాచాను. నాన్నకి ఊడిపోయిందని చెప్పు. ఆయన బయటికొచ్చేదాకా తలుపు దగ్గరే కూర్చోరా, నాకు భయంగా ఉంది.