సాలెనాడు సైన్యానికి బొంతలు

2024 నవంబర్ 11, సోమవారం

నా బిడ్డ మమత హాస్టల్ పెట్టె ఈ రోజు తెరిచాను. బట్టలు, దువ్వెన, రికార్డు పుస్తకాలు. అన్నిటి కింద ఒక కత్తి. నిజం కత్తి కాదు. ప్లాస్టిక్ పైపుకు ఫోమ్ చుట్టి, పైన వెండి రంగు టేపు అంటించింది. ఒక పక్కే అంటించింది. రెండో పక్క ఫోమ్ అట్లాగే కనబడుతోంది.

ఈయన చూసి, గిదేంది, బూజుకర్రనా అన్నాడు. టేపు చుట్ట పెట్టెలోనే ఉంది. దాని కొస ఎంతకీ దొరకలేదు. గోరుతో గీకి గీకి పట్టుకున్నాను. రెండో పక్క నేను అంటించాను.

నవంబర్ 12

ముడతలు వచ్చాయి. పీకి మళ్లీ అంటించాను.

నవంబర్ 17, ఆదివారం

స్తుతి వచ్చింది. కరీంనగర్ హాస్టల్లో మమత రూమ్‌మేట్. పొద్దున చర్చి కాగానే బస్సెక్కి సిరిసిల్ల వచ్చిందట. మమత పోయినప్పుడు వచ్చి మూలకు నిలబడి ఏడ్చిన పిల్ల ఇదే. ఆ రోజు ముఖం సరిగ్గా చూడలేదు. ఈ రోజు చూశాను.

కత్తి సంగతి అడిగాను. వాళ్లది ఒక ఆటనట. లార్ప్ అంటారట. ఒకరు రాజు, ఒకరు సిపాయి, ఒకరు వైద్యుడు, ఎవరి వేషం వాళ్లు కట్టుకుని పొద్దుగూకే దాకా ఆ మనిషి లాగే ఉండాలట. సామాను, బట్టలు అన్నీ చేతితో చేసుకున్నవేనట. చూసేవాళ్లు ఎవరూ ఉండరట. మా అత్త దేవవ్వ విని, సూసేటోళ్లు లేని బాగోతమా, గదేం బాగోతమే తల్లీ అంది.

మమత ఆ ఆటలో రాణి. ఆమె రాజ్యం పేరు సాలెనాడు. మొదటి రోజు ఎవడో నువ్వు సాలోళ్ల పిల్లవా అని నవ్వాడట. అవును, మా రాజ్యం పేరే గది అని అప్పటికప్పుడు అన్నదట. జెండా మీద సాలెపురుగు బొమ్మ వేసిందట. వింటుంటే నాకు నవ్వొచ్చింది. నవ్వి, నా నోరు నేనే మూసుకున్నాను. అత్త చూసింది.

పోయేముందు స్తుతి అసలు మాట చెప్పింది. సాలెనాడులో ఇప్పుడు నలుగురైదుగురే మిగిలారు. సామాను లేదు. ఫిబ్రవరిలో హుస్నాబాద్ అవతల ఒక పాత గడిలో, దొరలు కోటలా కట్టుకున్న ఇంట్లో, పెద్ద ఆట ఉంది. ఆ గడి తలుపు గెలవకపోతే సాలెనాడును ఎర్రకోట టీమ్‌లో కలిపేస్తారట. ఆట మ్యాప్‌లోంచి పేరు తీసేస్తారట. ఆ ఒక్క కత్తి అయినా పట్టుకుపోదామని వచ్చింది.

రేషన్ కార్డులోంచి మమత పేరు తీశారు. ఈయనే పోయి వేలిముద్ర వేసి వచ్చాడు. ఇక్కడి నుంచి కూడా తీస్తారా?

కత్తి ఇవ్వలేదు. నీ టీమ్‌కు ఏమేం గావాలె, చెప్పు బిడ్డా అన్నాను.

నవంబర్ 26

కత్తులు మొదలుపెట్టాను. పైపు వంగుతోందని లోపల వెదురుకర్ర పెట్టాను. కత్తి అన్నాక గట్టిగా ఉండొద్దా? ఆటలో తీర్పులు చెప్పే భానుప్రసాద్ ఏదో పని మీద సిరిసిల్ల వచ్చి చూసిపోయాడు. సేఫ్టీ చెక్ అని తన వీపు మీద తనే కొట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆంటీ, గిది తాకితే ఆట గాదు, పోలీస్ కేసైతది అన్నాడు. వెదురు తీసేశాను. కొసల్లో దూది కుక్కాను. పిల్లవాడికి చాయ్ పోసి, వీపుకు కొబ్బరినూనె ఇచ్చాను.

డిసెంబర్ 1, ఆదివారం

స్తుతి ఫోన్‌లో ఫోటో పంపింది. ఎక్కడో దేశంలో పాతకాలపు సిపాయిలు ఇనుప చొక్కా కింద వేసుకునే మందపాటి కోటు. ఇట్లాంటిది వేసుకుంటే ఆటలో రెండు దెబ్బలు ఎక్కువ తట్టుకోవచ్చట, అది రూలట. కొనాలంటే మా వల్ల కాదు, కుట్టడం ఎట్లనో తెలియదు అని రాసింది.

అత్తకు చూపించాను. అద్దాలు పెట్టుకుని చూసి, బొంతనే గదనే, చేతులు వెట్టిన బొంత అంది.

అవును. బొంతే.

డిసెంబర్ 3

ఆదిలాబాద్‌లో జిన్నింగ్ మిల్లులో పనిచేసే మా తమ్ముడు కైలాసానికి ఫోన్ చేశాను. దూది పంపమన్నాను. ఎన్ని బొంతలక్కా, ఇంట్ల పెండ్లి గిట్ల ఉన్నదా అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నట్టున్నాడు. పెండ్లి గాదురా, యుద్ధం ఉన్నది అన్నాను. అక్కా నువ్వు మంచిగనే ఉన్నవా అన్నాడు.

మంచిగానే ఉన్నాను.

డిసెంబర్ 15

దూది బస్సులో వచ్చింది. ఈయన తాను పనిచేసే మరమగ్గాల సాంచాల దగ్గరి నుంచి డ్యామేజీ బట్ట ముక్కలు తెచ్చాడు. నేను అడగలేదు. తెచ్చి గడపలో పడేసి, నీళ్లు తాగి మళ్లీ డ్యూటీకి పోయాడు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పూలవి, చారలవి. అన్నీ కలిపి కుడుతున్నాం. అత్త దబ్బనంతో వేసే కుట్టు చూస్తే గీత గీసినట్టుంది. ఆమె ఎప్పుడో మానేసింది బొంతలు కుట్టడం. సచ్చిన పోరి ఆటకు బట్టలు కుట్టుడేంది, లోకం నవ్వదా అని ఒక పక్క సణుగుతూనే, గట్ల గాదే పద్మా, దూది సమానంగ పరువు అని ఇంకో పక్క నన్ను తిడుతోంది.

డిసెంబర్ 22, ఆదివారం

మొదటి కోటు అయింది. ఈయనకు తొడిగాను. వాకిట్లో నిలబెట్టి మమత కత్తితో కొట్టాను. తగుల్తలేదు అన్నాడు. ఇంకా గట్టిగా కొట్టాను. తగుల్తలేదే అన్నాడు. ఇంకా కొట్టాను. ఎందుకు కొడుతున్నానో కాసేపటికి నాకే తెలియలేదు. చెయ్యి ఆగలేదు. ఆయన కదలలేదు. చివరికి కూలబడ్డాను. ఆయన ఆ బొంతకోటుతోనే వచ్చి నా పక్కన మట్టిలో కూర్చున్నాడు.

ఇప్పుడు తాకింది అన్నాడు.

డిసెంబర్ 23

ఇంకో కోటు మొదలుపెట్టాను.

2025 జనవరి 19, ఆదివారం

కోట్లు అయ్యాయి. డాళ్లు అయ్యాయి. అట్టలకు చింతగింజల అంబలి జిగురుగా పూసి పొర మీద పొర వేశాం. మిద్దె మీద ఎండబెడితే పక్కింటివాళ్లు ఏం అప్పడాలు అని అడిగారు. అత్త, తింటె పండ్లూడుతయి అంది.

భానుప్రసాద్ ఫోన్ చేశాడు. చివరి పని ఒకటుంది ఆంటీ, సచ్చినోళ్లకు తెల్లగుడ్డలు గావాలె అన్నాడు. వెంటనే సారీ ఆంటీ అన్నాడు. చెప్పు బిడ్డా, ఏం గాదు అన్నాను.

దెబ్బలు అయిపోయినవాళ్లు చచ్చినట్టట. ఒక చోటికి వచ్చి తలకు తెల్లగుడ్డ కట్టుకుని కూర్చోవాలి. ఎవరితో మాట్లాడకూడదు. విజిల్ వినపడగానే లేచి, ఆ గుడ్డతోనే నడుచుకుంటూ తమ టీమ్ దగ్గరికి పోవాలి. అక్కడ గుడ్డ విప్పేస్తే మళ్లీ బతికినట్టు. రీస్పాన్ అంటారట.

మల్ల బతుకుతరా అని అడిగాను. బతుకుతరు ఆంటీ అన్నాడు. అందరా? అందరు. ఎన్నిసార్లు? ఎన్నిసార్లయినా.

ఆ చచ్చినవాళ్లు కూర్చునే చోట నేను ఉంటాను, ఆ పని నాకు ఇయ్యి అన్నాను.

జనవరి 21

తెల్లగుడ్డ తెచ్చాను. ఒక్క పట్టీ చించాను. ఆ చప్పుడు.

మిగతాది చించలేదు.

జనవరి 22

కుర్చీలో గుడ్డ అట్లాగే ఉంది. అత్త వచ్చి, కొత్తబట్ట, పసుపన్న వెట్టకపోతివి అంది. మూలకు చిటికెడు పెడదామని పోయాను. డబ్బా మొత్తం బకెట్లో వంపి గుడ్డంతా ముంచాను. ఎవరు కన్న పిల్లలో, వాళ్ల తలలకు తెల్లగుడ్డ నా చేతులతో కట్టను. పసుపు అయ్యాక చించితే ఆ చప్పుడే వేరుగా ఉంది.

దండెం నిండా ఆరేశాను. ఇంట్లో పెండ్లి ఉన్నట్టుంది.

ఫిబ్రవరి 2, ఆదివారం, పొద్దున 5

బస్సుకు పోవాలి. అత్త కూడా వస్తానని చీర కట్టుకుని కూర్చుంది. నాలుగు బొంతకోట్లు, డాళ్లు, కత్తులు, మమత కత్తి. ఈయన మూటలు బస్‌స్టాండు దాకా మోస్తానన్నాడు. గెలిసి రాండ్రి అన్నాడు.

ఫిబ్రవరి 3, సోమవారం

నిన్నటిది అంతా రాయాలి. మరిచిపోతానని కాదు. రాస్తుంటే మళ్లీ జరుగుతుందని.

గడి సగం కూలింది కానీ తలుపు గోడ నిలబడే ఉంది. దొరల కాలంలో ఆ ముందు నుంచి పోయేవాళ్లు చెప్పులు చేతిలో పట్టుకోవాలట, మా అమ్మమ్మ చెప్పేది. నేను చెప్పులతోనే పోయాను.

ఎర్రకోట టీమ్ అప్పటికే గడిలో ఉంది. ముప్పైమంది పైనే ఉన్నారు. వాళ్ల రాజు జోయల్. స్తుతి వాళ్ల చర్చి పిల్లవాడే. మా వాళ్లను చూసి తలుపు గోడ మీది నుంచి, బొంతలు దెచ్చిండ్రు, మరి మెత్తలేవిరా, పండుకుంటానికి వచ్చిండ్రా అని అరిచాడు. అందరూ నవ్వారు. స్తుతి కోటు దారాలు కట్టుకుంటూ, ఆగు, నీకే పరుస్తం అంది. కొత్తగా చేరినవాళ్లతో కలిపి మా వాళ్లు పదిమంది కూడా లేరు. పొద్దుగూకే విజిల్ అప్పుడు తలుపు మీద ఎవరి జెండా ఉంటే వాళ్లదే గెలుపు.

నన్నూ అత్తనూ గడికి దూరంగా ఒక మొండిగోడ చాటున కూర్చోబెట్టారు. అదే చచ్చినవాళ్ల చోటు. నీళ్ల క్యాను, పసుపుగుడ్డల మూట పెట్టుకున్నాం. మొదట ఎర్రకోట పిల్లవాడు ఒకడు ఎగపోస్తూ వచ్చాడు. తల వంచమని గుడ్డ కట్టాను. దెబ్బ గట్టిగ తాకిందా బిడ్డా అన్నాను. సచ్చిపోయిన ఆంటీ, మాట్లాడొద్దు అని గుసగుసగా చెప్పాడు. ఇంకొకడు ఫోన్ తీశాడు. సచ్చినోనివి సచ్చినట్టు కూసో, ఫోన్ సూస్తవేందిరా అని అత్త గద్దించింది. వాడు నిజంగా భయపడి జేబులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక ఎర్రవాళ్లే వస్తున్నారు. ఒకరి వెనుక ఒకరు. మా వాళ్లు తక్కువ వస్తున్నారు. బొంతలు పనిచేస్తున్నాయి! ఒక పిల్ల కూలబడుతూ, గా కోట్లను ఎంత కొట్టినా సస్తలేరు అని రూలు మరిచి గొణిగింది. అత్త నా వైపు చూసి కొంగుతో మూతి తుడుచుకుంది. నవ్వు దాచుకోవడానికి.

పొద్దు వాలింది. మా వాళ్లలో స్తుతి, ఇంకో ముగ్గురు మిగిలారట. ఎర్రవాళ్లు తలుపు దగ్గర ఇంకా పదిమంది పైనే ఉన్నారట. అయిపోయింది అనుకున్నాను. అప్పుడు భానుప్రసాద్ విజిల్ ఊదాడు. చచ్చినవాళ్లు లేచే విజిల్, పొద్దటి నుంచి అదే మొదటిది.

కూర్చున్నవాళ్లంతా ఒక్కసారి లేచారు.

అంతమంది పిల్లలు, మట్టి దులుపుకుంటూ. అత్త చెయ్యి ఎత్తి, పోండ్రి బిడ్డా, లేసి మీ ఇండ్లకు పోండ్రి అంది. గోడ దాటి నడిచారు. నేనూ నీళ్ల క్యాను పట్టుకుని వెనుకే పోయాను.

ఇక్కడ నాకు తెలియని సంగతి ఒకటుంది. ఒక్కో టీమ్‌కు ఒక్కో రంగు తలగుడ్డ ఉంటుందట. ఎర్రకోటది ఎరుపు. సాలెనాడుది పసుపు. స్తుతి వాళ్ల తలలకు ఉన్నది పొద్దున చూశాను, బాగుంది అనుకున్నాను, అంతే.

తలుపు దగ్గరున్నవాళ్లకు ఏం కనబడింది? ఎదురెండలో ఇరవైమంది పైన పసుపు తలలు, నోరు మెదపకుండా, పరుగెత్తకుండా, నేరుగా తమ మీదికి నడిచి వస్తున్నాయి. ఆ నడిచి వచ్చేది ఎర్రకోట మనుషులే. ఇంటికి పోతున్నారు. కానీ చచ్చినవాళ్లు మాట్లాడకూడదు కదా, మేమేరా అని ఒక్కడూ చెప్పలేదు. జోయల్ గొంతు నా దాకా వినబడింది. ఓర్నాయనో, గింతమంది యాడికెళ్లి వచ్చిండ్రురా, ఉరుకుండ్రి! వెనుక గోడ దూకి పారిపోయారు. ఒకడి చెప్పు తలుపులోనే ఉండిపోయింది.

స్తుతి చూసింది. ముగ్గురినీ వెంటేసుకుని ఉరికింది. సాలెపురుగు జెండా తలుపు మీదికి ఎక్కింది. పొద్దుగూకే విజిల్ పడింది.

తర్వాత పెద్ద గలాట. గిది చెల్లది అని కొందరు, చెల్లుతది అని కొందరు. భానుప్రసాద్ నా దగ్గరికి వచ్చి, తెల్లగుడ్డలు అడిగిన గద ఆంటీ, పసుపెందుకు జేసినవ్ అన్నాడు. తప్పు నాదేనని అప్పుడు అర్థమైంది. నా వల్ల మమత రాజ్యం పోతుందా అనుకున్నాను. అయినా అబద్ధం చెప్పలేదు. తెల్లగుడ్డ నేను కట్ట బిడ్డా, ఇగ ఎవ్వలకు కట్ట అన్నాను.

జోయల్ గడ్డి అంటుకున్న జుట్టుతో ముందుకు వచ్చాడు. రూల్ల సంగతి ఇడ్సిపెట్టుర్రి అన్నాడు. మా శవాలను సూసి మేమే ఉరికినం. బయట ఎవనికన్న చెప్తె ఇజ్జత్ ఉంటదా? రాస్కోర్రి, సాలెనాడు గెలిసింది.

మొదట నవ్వింది మా అత్త. తర్వాత ఎవరు నవ్వలేదో చెప్పలేను.

భానుప్రసాద్ మ్యాప్ పరిచి సాలెనాడు గీతను జరిపి గడిని లోపలికి కలిపాడు. నన్ను పిలిచి చూపించాడు. పేరు ఉంది. మమత చేతిరాతే. 'లె' కింద కొంచెం వంకర.

బస్సులో అత్త నా భుజం మీద నిద్రపోయింది. ఈయన బస్‌స్టాండులో నిలబడి ఉన్నాడు. నేను దిగకముందే నా ముఖం చూసి తెలుసుకున్నాడు. మూటలు తీసుకుని ముందు నడిచాడు. వెనుక నుంచి ఆయన భుజాలు చూస్తే ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు.

ఫిబ్రవరి 9

జోయల్ ఫోన్ చేశాడు. ఆంటీ, మాకు గూడ కోట్లు కుడ్తరా అని. అత్త పక్కనుంచి, దుష్మన్లకు కుడ్తమానే అంది. కుడదాం అన్నాను. అయితే దూది జర తక్కువ వెట్టు అంది.

మార్చి 9, ఆదివారం

ఈ రోజు నేనూ ఆడాను. మూడుసార్లు చచ్చిపోయాను. రెండుసార్లు విజిల్ వినపడగానే లేచాను.

మూడోసారి విజిల్ ఊదకముందే లేచాను.